చుక్కలు పెట్టిన గడి: పల్నాటి భూమి లెక్కల్లో డేటాబేస్ పాఠాలు

రెవెన్యూ ఆఫీసుల్లో ఆర్‌ఎస్‌ఆర్ అనే పుస్తకం ఒకటి ఉంటుంది. పూర్తి పేరు రీసెటిల్‌మెంట్ రిజిస్టర్. బ్రిటిష్ హయాంలో, సుమారు వందేళ్ల కిందట, కోస్తా, రాయలసీమ జిల్లాల్లో భూముల శిస్తును తిరగగట్టినప్పుడు ఊరికొకటి చొప్పున రాసింది. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో వరుస: నంబరు, విస్తీర్ణం, మెట్టో మాగాణో, నేల తరం, శిస్తు, ఆపైన పట్టాదారు పేరు. రైతు ఎవరో తేలినచోట పేరు రాశారు. సర్కారు భూమి అయితే ఆ మాటే రాశారు. ఏదీ తేలనిచోట గడిలో నాలుగు చుక్కలు పెట్టి కింది వరుసకు దిగారు.

చాలాకాలం ఆ చుక్కల జోలికి ఎవరూ పోలేదు. రైతులు దున్నుకున్నారు, అన్నదమ్ములు పంచుకున్నారు, ఆడపిల్లల పెళ్లిళ్లకు అమ్ముకున్నారు. తర్వాతెప్పుడో రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ సెక్షన్ కింద నిషేధిత భూముల జాబితాలు తయారయ్యాయి. పేరు లేదు కాబట్టి సర్కారుదే అయివుంటుందన్న లెక్కన చుక్కల భూములూ ఆ జాబితాలోకి ఎక్కాయి. తాతల నాటి నుంచి సాగులో ఉన్న పొలాన్ని అమ్ముదామన్నా, బ్యాంకులో తాకట్టు పెడదామన్నా కుదరలేదు. ఆ చిక్కు విప్పడానికి 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రత్యేకంగా చుక్కల భూముల చట్టమే చేయాల్సి వచ్చింది. 2023లో రాష్ట్రం మొత్తం మీద 2 లక్షల ఎకరాలకు పైగా ఇలాంటి భూమిని నిషేధిత జాబితా నుంచి తీశారు. నాలుగు చుక్కల ఖరీదు అది.

డేటాబేస్ పనివాళ్లు ఈ చుక్కల్ని నల్ అంటారు. పట్టికల రూపంలో డేటాను నిలవచేసే పద్ధతికి 1970లో సిద్ధాంతం రాసిన ఎడ్గర్ కాడ్‌ను ఈ ఖాళీ గడి చివరిదాకా వెంటాడింది. విలువ ఉంది గానీ మనకు తెలియదు అన్నది ఒక రకం ఖాళీ, అసలు ఇక్కడ విలువే వర్తించదు అన్నది మరో రకం, ఈ రెంటినీ వేర్వేరు గుర్తులతో నిలవచేయాలని 1990 నాటి పుస్తకంలో ఆయన వాదించాడు. ఆ సలహాను వ్యాపార డేటాబేస్‌లు పట్టించుకోలేదు. ఇప్పటికీ వాటిలో ఉన్నది ఒకే ఒక్క నల్. అందువల్ల ఆ బాధ్యత టేబుల్ గీసేవారి మీద పడుతుంది. పేరు గడి పక్కనే కారణం గడి ఒకటి ఉండాలి. రైతు తెలియలేదు, తగాదాలో ఉంది, ప్రభుత్వ భూమి, ఇంకా విచారించలేదు: వీటిలో ఏదో ఒకటి ఎంచుకోకుండా వరుస సేవ్ కాకూడదు. ఎవరు ఎంచుకున్నారో, ఏ తేదీనో కూడా దాంతోపాటే పడాలి. ఆనాటి సర్వే ఉద్యోగికి ఈ కాలమ్ ఉండివుంటే చుక్కల భూమి అన్న మాటే పుట్టేది కాదు.

ఇలాంటి పాఠాలకు పల్నాడు మంచి గని. ఈ ప్రాంతపు భూమి మీద ఎన్ని ప్రభుత్వాలు, ఎన్ని జిల్లాలు, ఎన్ని రకాల లెక్కలు దొర్లిపోయాయో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మాచర్ల దగ్గరి ఒక చేనును తీసుకుందాం. 1801లో కర్ణాటక నవాబు నుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1859లో గుంటూరు, మచిలీపట్నం జిల్లాలను కలిపి కొత్తగా చేసిన కృష్ణా జిల్లాలో పల్నాడు తాలూకా కింద పడింది. 1904 అక్టోబరు 1న గుంటూరు జిల్లా మళ్లీ ఏర్పడితే అటు మారింది. 1953లో మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్ర రాష్ట్రానికి, 1956లో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చింది. 1985లో తాలూకా పోయి మండలం వచ్చింది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఇన్నిసార్లు చిరునామా మారినా చేను గట్టు ఒక్క అంగుళం జరగలేదు.

ఇప్పుడు ఈ చేనుకు ప్రైమరీ కీ ఏం పెడతారు? చాలా ప్రభుత్వ సాఫ్ట్‌వేర్లలో జిల్లా కోడ్, మండల కోడ్, గ్రామ కోడ్, సర్వే నంబరు వరుసగా అతికించి కీ తయారుచేసే అలవాటు ఉంది. జిల్లా విడిపోయిన రోజున ఆ కీ ఉన్న ప్రతి టేబులూ, ప్రతి పాత రసీదూ, ప్రతి లింకూ కదిలిపోతాయి. చేనుకు దేంతోనూ సంబంధం లేని సొంత నంబరు ఇవ్వాలి. ఏ ఊరు ఏ మండలంలో, ఏ మండలం ఏ జిల్లాలో అన్నది విడి టేబుల్లో, ఎప్పటి నుంచి ఎప్పటిదాకా అన్న రెండు తేదీలతో ఉండాలి. అలా ఉంటేనే 2015లో గుంటూరు జిల్లా మిర్చి సాగు ఎంత అని అడిగినప్పుడు 2015 నాటి ఎల్లల ప్రకారం జవాబు వస్తుంది. లేకపోతే నేటి చిన్న గుంటూరు లెక్క చెప్పి, సాగు ఒక్కసారిగా పడిపోయిందని అధికారులను బెదరగొడుతుంది. ఊరి పేరును కీగా వాడటం ఇంకా ప్రమాదం. నరసరావుపేట పాత పేరు అట్లూరు. మల్రాజు వంశపు జమీందారుల కాలంలో వచ్చింది ఇప్పటి పేరు.

ఈ లెక్కలన్నిటికీ శతాబ్దాలపాటు ఒక్కడే అడ్మినిస్ట్రేటర్. కరణం.

తాటాకుల మీద రాసి, రంధ్రంలో తాడు దూర్చి కట్టిన కవిలెకట్టలు కరణం ఇంటి అటక మీద ఉండేవి. ఊరి పొలిమేరలు, మాన్యాలు, గుడి ఆస్తులు, వెనకటి రాజుల ముచ్చట్లు అన్నీ అందులోనే. అగ్గి పడినా, చెదలు పట్టినా, దండు దోచుకున్నా ఊరి జ్ఞాపకం మొత్తం పోయేది. కాపీ అనేది లేదు. పంతొమ్మిదో శతాబ్ది తొలి దశకాల్లో సర్వేయర్ కాలిన్ మెకంజీ తన మనుషులను ఊరూరికీ పంపి, కరణాల దగ్గరున్న కవిలెల నుంచి గ్రామ చరిత్రలు రాయించాడు. ఆ పనికి పునాది వేసిన కావలి వెంకట బొర్రయ్య 1803లోనే చనిపోతే తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నాడు. ఈనాడు కైఫియత్తులని పిలిచేవి అవే. మూల తాటాకులు చాలా ఊళ్లలో మట్టిలో కలిసిపోయాయి. ఊరికి దూరంగా, మద్రాసు చేరిన నకళ్లు మాత్రం బతికాయి.

అక్కడితో కథ అయిపోలేదు. మెకంజీ 1821లో పోయాక ఆ నకళ్లు కూడా చివికిపోవడం మొదలైంది. సి.పి. బ్రౌన్ కొందరు పండితులను జీతాలకు పెట్టి వాటిని తిరిగి మంచి కాగితం మీద రాయించకపోతే పల్నాటి గ్రామాల సంగతులు చాలావరకు మనకు దక్కేవి కావు. బ్యాకప్ గురించి డీబీఏలకు (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్లకు) చెప్పవలసినవి రెండూ ఇక్కడే ఉన్నాయి. ఒకటి, నకలు అసలు ఉన్నచోట ఉండకూడదు. ఇది అందరూ చెబుతారు. రెండోది తక్కువమంది చేస్తారు: నకలుకూ వయసుంటుంది, ఎత్తి చూస్తుండాలి, కొత్త మాధ్యమం మీదికి మారుస్తుండాలి. పాత టేపు మీద ఉన్న బ్యాకప్‌ను చదివే యంత్రం ఆఫీసులో లేకపోతే ఆ బ్యాకప్ లేనట్టే.

కంపెనీ పాలనతో పాటు రైత్వారీ వచ్చింది. జమీందారుతో పనిలేకుండా ప్రతి రైతు పేరునా ప్రతి పొలానికీ లెక్క కట్టాలంటే కొలత కచ్చితంగా ఉండాలి. అందుకోసం వాడింది ఎడ్మండ్ గుంటర్ 1620 ప్రాంతంలో తయారుచేసిన 66 అడుగుల గొలుసు. గొలుసుకు 100 లంకెలు. 10 చదరపు గొలుసులు ఒక ఎకరం, అంటే లక్ష చదరపు లంకెలు. అందులో వెయ్యి చదరపు లంకెలు ఒక సెంటు, 435.6 చదరపు అడుగులు. ఈరోజు పిడుగురాళ్లలో ఇంటి స్థలం బేరమాడేవాళ్లు సెంట్లలో మాట్లాడుకుంటున్నారంటే ఆ గొలుసు ఇంకా నడుస్తోందన్నమాటే. డేటాబేస్‌లో విస్తీర్ణం గడిని ఫ్లోట్‌గా పెట్టే కుర్రవాళ్లు ఈ లెక్క చూడాలి. ఎకరంలో వందో వంతుకు విడి పేరు పెట్టుకున్న సమాజం రౌండింగ్ తేడాను క్షమించదు. ఎన్ని దశాంశాలో ముందే తేల్చి డెసిమల్ రకం వాడాలి. సెంట్లలోనా, హెక్టార్లలోనా, చదరపు మీటర్లలోనా అన్నది కాలమ్ పేరులోనే కనపడాలి.

కరణం రాసే పుస్తకాల్లో బతికున్న పుస్తకం అడంగల్. ఒక పేజీ తెరిస్తే ఎడమ వైపు స్థిరమైన సంగతులు: సర్వే నంబరు, సబ్‌డివిజన్, విస్తీర్ణం, తరం, శిస్తు, పట్టాదారు. కుడి వైపు ఏటా మారేవి: ఎవరు సాగు చేస్తున్నారు, ఏ పంట, నీరు ఎక్కడిది, ఎంత పండింది. పట్టాదారు, అనుభవదారు అన్నవి రెండు వేరు గడులు. భూమి ఎవరి పేరున ఉంది, ఎవరి చేతిలో ఉంది అన్నవి వేరు వేరు సంగతులని పల్నాటి కౌలుదార్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఈ రెంటినీ ఓనర్ అనే ఒకే కాలమ్‌లో కుక్కిన సాఫ్ట్‌వేరు ఏదైనా మొదటి పంట నష్టపరిహారం రోజునే కూలబడుతుంది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక పుస్తకం కుడి వైపు గడుల్లో ఎంత మార్పు వచ్చిందో ఊహించవచ్చు. వానను నమ్ముకున్న చేలకు కాలువ నీరు వచ్చింది, నీటి తీరువా వచ్చింది. ఎడమ గడులు మాత్రం మారలేదు. స్థిరమైనవాటినీ చలించేవాటినీ ఇంత శుభ్రంగా విడదీసిన పట్టిక నమూనాను మెచ్చుకోకుండా ఉండటం కష్టం.

పేరు మారితే కరణం పాత పేరును చెరపడు. గీత గీసి, పైన కొత్త పేరు రాసి, ఏ ఉత్తర్వు ప్రకారమో నంబరు వేసి పొట్టి సంతకం పెట్టాలి. రిజిస్ట్రేషన్ ఆఫీసులోనూ అదే తీరు. 1908 నాటి చట్టం 20వ సెక్షన్ ప్రకారం దస్తావేజులో కొట్టివేత గానీ, చెరిపివేత గానీ, మధ్యలో చేర్చిన మాట గానీ, ఖాళీ గానీ ఉంటే రాసిచ్చినవాళ్లు సంతకంతో ధ్రువపరచాలి, లేకపోతే రిజిస్ట్రారు దస్తావేజును తిరస్కరించవచ్చు. ఖాళీని కూడా కొట్టివేతతో సమానంగా అనుమానించిన ఆ చట్టం రాసినవాళ్ల జాగ్రత్త గొప్పది. కంప్యూటర్‌లో అప్‌డేట్ అన్న ఒక్క ఆజ్ఞ పాత విలువను ఆనవాలు లేకుండా మింగేస్తుంది. హక్కులకు సంబంధించిన ఏ టేబుల్లోనూ నేరుగా అప్‌డేట్‌ను అనుమతించకూడదు. పాత వరుసకు ముగింపు తేదీ పెట్టి, కొత్త వరుస చేర్చాలి. ఏ యూజరు, ఏ ఉత్తర్వు, ఏ సమయం అన్నవి దాంతో పడాలి. ఆ చరిత్ర టేబుల్‌ను చెరిపే అధికారం డీబీఏకు కూడా ఉండకూడదు.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్స్ అన్న మాట కంప్యూటర్ కంటే చాలా పాతది. అదే 1908 చట్టం కింద ఇండెక్స్ 1 మనుషుల పేర్ల మీద, ఇండెక్స్ 2 ఆస్తుల మీద నడుస్తాయి. దస్తావేజుల పుస్తకం వచ్చిన వరుసలోనే పెరుగుతుంది. అడిగే ప్రశ్న రెండు రకాలు కాబట్టి సూచికలూ రెండు. నరసరావుపేటలో ఒక స్థలానికి ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కావాలంటే గుమస్తా ఇండెక్స్ 2 పుస్తకాలను ఏడాది ఏడాదీ తిరగేసేవాడు. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసుల కంప్యూటరీకరణ మొదలైంది. అప్పటి రిజిస్ట్రేషన్ శాఖ అధిపతి జె. సత్యనారాయణ దాని రూపకర్త. ఈసీలు నిమిషాల్లో ఇవ్వాలంటే పాత లావాదేవీలు కూడా ఎక్కించాలి, అందుకని 1983 నుంచి ఉన్నవాటిని టైపు చేయించారు. ఆన్‌లైన్‌లో ఈసీ ఇప్పటికీ 1983 నుంచే దొరకడానికి కారణం ఇదే.

పాత పుస్తకాల్లో గుమస్తా కన్ను సరిచేసుకునే తేడాలు యంత్రానికి గోడలయ్యాయి. 112/2ఎ అని ఒక దస్తావేజు, 112-2ఏ అని మరొకటి, 112/2 పైకి అని ఇంకొకటి. మనిషికి మూడూ ఒకే చేను. యంత్రానికి మూడు. వెతికినప్పుడు దొరకని లావాదేవీ అసలు జరగనట్టే కాగితం మీద పడుతుంది, తాకట్టులో ఉన్న భూమి స్వచ్ఛంగా కనపడుతుంది. సర్వే నంబరును ఒకే పొడుగాటి టెక్స్ట్ గడిలో తీసుకోకుండా ప్రధాన నంబరు, సబ్‌డివిజన్ అంకె, అక్షరం విడివిడి గడుల్లో తీసుకుంటే ఈ బాధ సగం తగ్గుతుంది.

పేర్లు మరీ కష్టం. కోటప్పకొండ త్రికోటేశ్వరుడి చుట్టుపక్కల ఊళ్లలో కోటయ్యలకు, కోటమ్మలకు, కోటేశ్వరరావులకు లెక్కలేదు. మాచర్ల వైపు చెన్నకేశవులు ఎక్కువ. ఇంటిపేరు కూడా కలిసినవాళ్లు ఒకే ఊళ్లో ఉంటారు. పేరును ఇంగ్లిషులో టైపు చేస్తే ఒక్కో ఆపరేటరు ఒక్కో స్పెల్లింగు వేస్తాడు. కరణం దీన్ని ముందే గ్రహించి రైతుకు ఖాతా నంబరు ఇచ్చి, పక్కన తండ్రి పేరు రాసేవాడు. పేరు ప్రదర్శనకు, నంబరు గుర్తింపుకు. పేరును తెలుగు లిపిలోనే మూలంగా ఉంచి, ఇంగ్లిషు రూపాన్ని దాని నుంచి పుట్టే రెండో గడిగా ఉంచడం మేలు.

జూలై 1న మొదలై జూన్ 30తో ముగిసే ఫసలీ సంవత్సరం చివర జమాబందీ జరిగేది. గురజాలలోనో నరసరావుపేటలోనో తాలూకా కచేరీకి కరణాలు మూటలతో వచ్చేవారు. డిమాండు ఎంత, వసూలు ఎంత, బాకీ ఎంత? పై అధికారి ముందు లెక్క సరిపోవాలి. సబ్‌డివిజన్లు ఎన్ని పుట్టినా వాటి మొత్తం ఆర్‌ఎస్‌ఆర్‌లోని అసలు విస్తీర్ణానికి సమానం కావాలి, ఒక్క సెంటు ఎక్కువైనా కరణం జవాబు చెప్పాలి. 2010 దశకంలో రికార్డులు రెవెన్యూ శాఖ వెబ్‌ల్యాండ్ డేటాబేస్‌లోకి వెళ్లి, 2015లో మీభూమి వెబ్‌సైటు ద్వారా ప్రజలకు కనపడ్డాక రైతుల ఫిర్యాదుల్లో తరచూ వినపడినది ఈ తేడాయే: ఆర్‌ఎస్‌ఆర్‌లో ఉన్నదానికంటే పట్టాదారుల 1-బి ఖాతాల మొత్తం ఎక్కువ, లేదా తక్కువ. డేటా వలస పోయేటప్పుడు వరుసల సంఖ్య సరిపోయిందని సంతోషిస్తే చాలదు. ఊరివారీగా, సర్వే నంబరువారీగా విస్తీర్ణాల మొత్తం పాత పుస్తకంతో సరిచూసి, తేడా వచ్చిన ఊరిని ఆపేసి, మిగతావి మాత్రమే లోపలికి పంపాలి. ఆ మొత్తం నియమాన్ని కన్‌స్ట్రెయింట్‌గానో, రాత్రిపూట నడిచే తనిఖీగానో డేటాబేస్‌లోనే ఉంచాలి. ఫసలీ సంగతి కూడా మరవకూడదు. ఫసలీ 1434 అంటే 2024 జూలై నుంచి 2025 జూన్ దాకా. సంవత్సరం గడిలో ఒట్టి 2024 అని పడితే అది ఏ లెక్క సంవత్సరమో రేపు ఎవరికీ తెలియదు.

ఇంత మంచి పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది. అంతా ఒక్క మనిషి చేతిలో, ఒక్క కుటుంబం చేతిలో. 1895 నాటి మద్రాసు చట్టం గ్రామోద్యోగాలను వంశపారంపర్యం చేసింది. రాయడం, చూడటం, నకలు ఇవ్వడం, సర్దడం అన్నీ ఒకరివే అయినచోట లంచానికీ పక్షపాతానికీ తలుపు తెరిచే ఉంటుంది. పేద రైతు తన చేను ఎవరి పేరున ఉందో తెలుసుకోవాలన్నా కరణం గడప ఎక్కాల్సిందే. ఆ మనిషి తప్పుకుంటే ఏమవుతుందో కూడా గుంటూరు జిల్లాకు అనుభవమే. 1922 ఆరంభంలో పెదనందిపాడు పన్నుల నిరాకరణ ఉద్యమంలో గ్రామాధికారులు మూకుమ్మడిగా రాజీనామా చేస్తే శిస్తు వసూలు స్తంభించింది.

వంశపారంపర్య నియమాన్ని సుప్రీంకోర్టు 1960 డిసెంబరులో కొట్టేసింది. ఆ గాజుల దశరథ రామారావు కేసు గుంటూరు జిల్లాలోని ఒక మునసబు పదవి గురించినదే. 1984 జనవరి 6న ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులనే రద్దు చేసింది. న్యాయంగా చూస్తే చేయవలసిన పనే. చేసిన తీరులో మాత్రం వ్యవస్థలు నడిపేవాళ్లు నేర్చుకోవలసినది ఉంది. పదవి ఒక్కరోజులో పోయింది, జ్ఞానం చేతులు మారడానికి వ్యవధి లేదు. ఏ గీత ఎందుకు పడిందో, ఏ తగాదా ఎక్కడిదాకా వచ్చిందో కరణం బుర్రలో ఉండేది, పుస్తకంలో కాదు. ఒకే సీనియర్ డీబీఏ బుర్రలో ఉన్న వ్యవస్థ ఏ ఆఫీసులో ఉన్నా ఇదే స్థితి. పాస్‌వర్డులు ఎక్కడ, ఏ జాబ్ ఏ వేళ నడుస్తుంది, పడిపోతే ఏ క్రమంలో లేపాలి అన్నది రాసి ఉండాలి. ఆ రాతను చూసి కొత్తవాడొకడు నిజంగా చేసి చూపించాలి.

అలా చేసి చూడకపోతే ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజనీరు వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ ఫోల్డరునే చెరిపేశాడు. ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లున్నాయి. ఆ రాత్రి ఏదీ అనుకున్నట్టు పనిచేయలేదు. ఆరు గంటల ముందు యాదృచ్ఛికంగా తీసిన నకలు ఒకటి ఉండబట్టి, ఆ ఆరు గంటల డేటా పోయినా మిగతాది దక్కింది. ఆ సంస్థ జరిగినదంతా దాచకుండా ప్రచురించింది, ప్రతి డీబీఏ చదవదగ్గ కథనం అది. నెలకోసారి ఖాళీ సర్వర్ మీద రీస్టోర్ చేసి, మొత్తాలు సరిచూసి, ఎన్ని గంటలు పట్టిందో రాసుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు.

పల్నాడులో ఇప్పుడు మరో పెద్ద డేటా వలస నడుస్తోంది. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వేలో డ్రోన్లతో, ఉపగ్రహ సంకేతాలతో భూములను తిరిగి కొలిచి, పాత సర్వే నంబర్ల స్థానంలో ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు ఇస్తున్నారు. అన్నదమ్ముల చేలు, పక్కపక్క రైతుల చేలు కలిపి ఒకే జాయింట్ ఎల్‌పీఎం పడినచోట్ల రైతులు తమ వాటా విడిగా చూపించమని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు. పాత నంబరు, కొత్త నంబరు ఒకటికొకటి జత కుదరవు. ఒక పాత నంబరు మూడుగా చీలవచ్చు, నాలుగు పాతవి ఒకటిగా కలవవచ్చు. అందువల్ల రెంటినీ కలిపే టేబుల్లో ప్రతి జతకూ విస్తీర్ణం ఎంత అన్న గడి తప్పకుండా ఉండాలి. ఆ విస్తీర్ణాల మొత్తం అటు ఆర్‌ఎస్‌ఆర్‌తోనూ ఇటు కొత్త కొలతతోనూ సరిచూడాలి. తేడా ఉంటే కారణం రాయాలి. గురజాల రైతు చేతిలో ఉన్న దస్తావేజులో, బ్యాంకు తాకట్టు కాగితంలో, కోర్టు డిక్రీలో ఉన్నది పాత నంబరే. ఆయన మండలాఫీసు కిటికీ దగ్గర అడిగేదీ ఆ నంబరు చెప్పే. ఇంకో రెండు తరాలపాటు వెతుకుడు ఆ నంబరుతోనే మొదలవుతుంది కాబట్టి దానికీ ఇండెక్స్ కట్టి ఉంచాలి.